తెరిచి ఇచ్చిన తుపాకి

తుపాకుల దుకాణంలో పనిచేశానని చెబితే జనం నా మొహం చూడరు, చేతులు చూస్తారు. అక్కడేదో ఉంటుందనుకుంటారు. నూనె ఇంకిన గోళ్లు, కొయ్య చిత్రిక పట్టేటప్పుడు పడ్డ గాట్లు తప్ప ఏమీ ఉండవు. సికింద్రాబాద్‌లో ఒకే దుకాణంలో బతుకంతా గడిపాను. ఊడ్చే పనికి చేరి, మరమ్మతు మేస్త్రీగా బయటికొచ్చాను. బడిలో చదివింది తక్కువ. ఇంగ్లీషు నేర్చుకున్నది లైసెన్సు నిబంధనల పుస్తకంలోంచి. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న పాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో వాక్యం విప్పుకున్నాను. అందుకే ఆ భాషలో ఒక పెళ్లి శుభాకాంక్ష రాయమంటే నాకు చేతకాదు కానీ, తుపాకి ఎవరి దగ్గర ఉండకూడదో రాయమంటే రాసిస్తాను.

ఈమధ్య సీతాఫల్‌మండిలో మా ఇంటికి ఇద్దరు వచ్చారు. ఒకతను మా పాత దుకాణంలో కొత్తగా చేరాడు. ఇంకొకతనికి లైసెన్సుల విభాగంలో ఉద్యోగం వచ్చింది. ఈ పని అసలు ఎట్లా ఉంటుందో చెప్పమన్నారు. కాగితాల సంగతి ఆఫీసు వాళ్లే నేర్పుతారు. వాళ్లు నేర్పనివి ఇక్కడ రాస్తున్నాను.

చేతులు వెనక్కి

మా యజమాని ఖాదర్ సాహెబ్. పొడుగాటి మనిషి, గొంతు పెంచడం ఎరగడు. నేను చేరిన రోజు ఆయన నేర్పింది ఒక్కటే. ఆ తరువాత నేర్చుకున్నదంతా దానికి తోకలాంటిదే.

డబల్ బ్యారెల్ తుపాకి నడుము దగ్గర మడుచుకుంటుంది. పైనున్న మీటను బొటనవేలితో పక్కకు నెట్టి గొట్టాలను కిందికి వంచితే వాటి వెనకభాగం బయటపడుతుంది. తూటాలుంటే ఇత్తడి అంచులు కనిపిస్తాయి. లేకపోతే రెండు గుండ్రటి వెలుతురు బిళ్లలు కనిపిస్తాయి. మా దుకాణంలో తుపాకి చేయి మారాలంటే అట్లా తెరిచే మారాలి. ఇచ్చేవాడు తెరవాలి, పుచ్చుకునేవాడు వెలుతురు చూడాలి, ఆ తరువాతే పట్టుకోవాలి. ఇప్పుడే కదా చూశాం అంటే కుదరదు. తాళం వేసిన బీరువాలోంచి తీసినా కుదరదు.

ఎవరైనా మూసి ఇవ్వబోతే సాహెబ్ ఏమీ అనేవాడు కాదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు.

ఒకసారి పెద్ద హోదాలో పనిచేసి దిగిపోయిన ఒకాయన వచ్చి కౌంటర్ మీదుగా తుపాకి మూసే చాచాడు. సాహెబ్ చేతులు వెనక్కి వెళ్లాయి. తుపాకి గాల్లోనే ఉంది.

"ఏందయ్యా, పట్టుకోవా?"

"పట్టుకుంట సార్. చాయ్ తాగుతరా?"

"చాయ్ కాదు, ముందు ఇది పట్టుకో. బరువైతుంది."

"అవు సార్. మూసి ఉంటే జెర ఎక్కువ బరువుంటది."

కాసేపటికి ఆయనకు సంగతి తెలిసింది. మొహం ముడుచుకుని తుపాకి తెరిచాడు. ఖాళీగానే ఉంది. "చూసినవా, ఏం లేదు," అన్నాడు గెలిచినట్టు.

"తెరవకముందు మీకు ఎరుకనా సార్?" అన్నాడు సాహెబ్.

ఆయన వెళ్లిపోయాక నా వైపు తిరిగి, "ఖాళీ తుపాకి అని ఒకటి ఉండది బేటా. చూసిన తుపాకి ఉంటది, చూడని తుపాకి ఉంటది. గంతే," అన్నాడు.

బంతిపూలు

దసరాకు ముందు మాకు ఊపిరాడేది కాదు. ఆయుధపూజ కోసం తుపాకులు తుడిపించుకోవడానికి వచ్చేవాళ్లు. దసరా అయ్యాక ఇంకా ఎక్కువ పని, పూజ చేసిన నష్టం బాగుచేయడానికి. పసుపునీళ్లు, కొబ్బరినీళ్లు ఇనుముకు పడవు. కుంకుమ మీట సందుల్లో దూరి గడ్డకడుతుంది. తుపాకుల మరమ్మతు మీద పైదేశాల్లో అచ్చయిన పుస్తకాలు చూశాను. కొబ్బరినీళ్ల తుప్పు గురించి ఒక్కడూ రాయలేదు. ఆ విద్య మాది.

ఒక దసరాకు మేడ్చల్ వైపు కాంట్రాక్టరు ఇంట్లో పూజ బాగా చేశారు. అందంగా ఉంటుందని గొట్టాల మూతుల్లో బంతిపూలు గుచ్చారు. మొదట గుచ్చినవి లోపలికి జారిపోతే, వాటి మీద ఇంకో రెండు గుచ్చారు. సాయంత్రం జమ్మి ఆకు పంచుకుని వచ్చి ఆయన పైకి కనిపించే పూలు తీసేసి, పదిమంది ముందు గాల్లోకి పేల్చాడు. గొట్టం మూతి అరటిపువ్వులా విచ్చుకుంది. ఆయన ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి.

కట్టుతో దుకాణానికి వచ్చి, "మీ తూటా నాసిరకం," అన్నాడు. సాహెబ్ పేలని రెండో గొట్టంలోకి కడ్డీ దూర్చి, అడుగున ఇరుక్కున్న బంతిపువ్వును మెల్లగా బయటికి తోశాడు. వాడిపోయి, ఇంకా పసుపు వాసన వేస్తోంది. దాన్ని బల్ల మీద పెట్టాడు. దాన్ని చూసి నేను నోరు తెరిచాను. ఉక్కును చీల్చింది అదేనా అని. ఇప్పటికీ బంతిపూల దండ చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

సంబరానికి గాల్లోకి పేల్చడం ఇప్పుడు శిక్ష పడే నేరం. దాన్ని నేరమనడాన్ని కూడా వ్యతిరేకించిన పెద్దమనుషులను చూశాను. పెళ్లి ఊరేగింపులో తుపాకి మోగకపోతే మా వంశానికి ఏం శోభ అని మా బెంచీ మీదే కూర్చుని వాదించారు.

ఎన్నికల తుపాకులు

ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సున్నవాళ్లు తుపాకులు పోలీసు స్టేషన్‌లోనో మాలాంటి దుకాణంలోనో అప్పగించాలి. ఓట్ల లెక్క అయ్యాక తీసుకెళ్తారు. మనిషి ఎట్లాంటివాడో తెలుసుకోవాలంటే అంతకంటే మంచి సమయం లేదు. వ్యాపారులు పోలీసు కబురు వచ్చాక వస్తారు. నాయకులు అందరికంటే చివర వస్తారు, అదీ మనిషిని పంపిస్తారు.

"అన్నకు ప్రాణభయం ఉంది కాకా. ఈసారికి ఇడిసిపెట్టమని పైన అడుగుతున్నం."

"ఎవరి నుంచి ప్రాణభయం?"

"జనం నుంచే."

"మరి ఓట్లెవరిని అడుగుతుండు?"

అందరికంటే ముందు వచ్చేది భూమయ్య పటేల్. ఆయనది మల్కాజ్‌గిరి దాటాక, ఒకప్పుడు ఊరు, ఇప్పుడు కాలనీలు. ఆ ఊరికి వాళ్ల నాన్న శాంతిభద్రతలు చూసే పోలీసు పటేల్. ఆ కాలంలో కొన్నదే పటేలు తుపాకి. గొట్టాల పక్కన తీగలు, ఆకులు, ఒక చిన్న పిట్ట చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చూస్తే పిట్ట కంట్లో పాప కూడా కనిపిస్తుంది. ఎవరు చెక్కారో, ఏ వెలుతురులో చెక్కారో. దాన్ని శుభ్రం చేయడానికి నా చేతికి వచ్చిన ప్రతిసారీ కాసేపు పని ఆపి చూసేవాణ్ని. మూస్తే మంచి వాకిలి గడియ పడ్డ చప్పుడు చేసేది.

పటేలు దాన్ని ఇచ్చే పద్ధతి వేరు. మాట్లాడుతూనే, చూడకుండానే, బొటనవేలితో మీట నెట్టేవాడు. తుపాకి తెరుచుకునేది. దాన్ని ఎడమ మోచేతి మీద పడుకోబెట్టి, పసిపిల్లను అందించినట్టు అందించేవాడు. అన్నేళ్లలో ఒక్కసారి కూడా మూసి ఇవ్వలేదు. "పటేల్ సాబ్ చెయ్యి చూస్తే నాకు నమాజు యాదికొస్తది. ఎన్నిసార్లు చేసినా గదే తీరు," అనేవాడు సాహెబ్. ఇచ్చాక పటేలు ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "ఇయ్యాల ఇంట్ల బరువు తగ్గింది మల్లేశా."

ఆ మాటను అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు.

అరిచినవాళ్లు

సాహెబ్ పోయాక, ఆయన కొడుకుల కాలంలో చట్టం బిగించాలని మొదలైంది. ఒకరి పేర మూడు ఆయుధాలుండొచ్చని ఉన్నదాన్ని ఒకటికి తగ్గిస్తామన్నారు. దేశమంతా గొడవ లేచి చివరికి రెండు దగ్గర ఆగింది. లైసెన్సు కావాలన్నా, గడువు పెంచుకోవాలన్నా ఒంటికీ మనసుకూ డాక్టరు పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇవ్వాలనే నిబంధన అప్పటికే ఉంది. పనిలో పనిగా దాన్నీ ఎత్తేయమని అడిగారు. ఆ రోజుల్లో మా దుకాణం పార్టీ ఆఫీసులా ఉండేది. బయట ఒకరి దిష్టిబొమ్మ ఒకరు తగలబెట్టుకునేవాళ్లు మా బెంచీ మీద తొడకు తొడ ఆనించి కూర్చునేవాళ్లు. జెండాలు ఎన్ని రంగులైనా తుపాకి దగ్గర అందరిదీ ఒకే పార్టీ.

వాళ్ల మాటల్లో నిజం లేదని అనను. నాటు తుపాకి పెట్టుకుని తిరిగేవాడు లైసెన్సు అడగడు, వాణ్ని వదిలి మాకెందుకు తాళం అనేవాళ్లు. సగం నిజమే. అడవి పందులు మక్క చేను దున్నేస్తుంటే చూస్తూ నిలబడ్డ రైతు బాధ పూర్తిగా నిజం. వాళ్లతో నేను చాయ్ తాగి, చెప్పింది విన్నాను.

నాకు మండింది మర్యాద గురించి మాట్లాడినవాళ్ల మీద. "మా తాత తుపాకి ఇమ్మనుడంటే మా తాత మీసం గొరుగుడే," అని ఒకాయన బల్ల గుద్దాడు. ఆయన తాత తుపాకి మరమ్మతు చేసింది నేనే. తెచ్చిన రోజు గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టుకుని ఉంది. వంశగౌరవం లోపల కందిరీగలు కాపురం చేస్తుంటే ఈయన చట్టసభల్లో దాని కోసం పోరాడతాడట.

నా తీర్పు నేను దాచుకోను. తుపాకుల మీద నా కడుపు నిండింది. వాటి లెక్క తగ్గితే మా దుకాణానికి గిరాకీ తగ్గుతుంది. అయినా చెబుతున్నాను, ఇంట్లో తుపాకి ఉండటం తాతల నుంచి వచ్చే ఆస్తి కాదు. ఆ మనిషి ఆ రోజుకు దానికి తగినవాడా కాదా అన్నదే లెక్క. నిన్న తగినవాడు ఇవాళ తగకపోవచ్చు. బస్సు నడిపేవాడికి కళ్లు పరీక్ష చేస్తే అవమానం కాదు కానీ, తుపాకి పట్టేవాడికి పరీక్ష పెడితే అవమానమా?

మా వైపు ఈ వ్యతిరేకతకు ముందు నిలబడింది సుధాకర్. భూమయ్య పటేలు కొడుకు. ఒకసారి కార్పొరేటర్‌గా చేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. డ్రైనేజీ పొంగితే ప్యాంటు పైకి మడిచి దిగే రకం. కానీ డాక్టరు సర్టిఫికెట్ మాటెత్తితే చాలు ఎగిరిపడేవాడు. ఎందుకంత కోపమో నాకు స్వరూప వచ్చాక అర్థమయింది.

స్వరూప అడిగింది

స్వరూప సుధాకర్ భార్య. ఒక మధ్యాహ్నం ఒక్కతే వచ్చి, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. దుకాణంలో ఎవరూ లేరని చూసుకుని మొదలుపెట్టింది.

"కాకా, మామయ్యకు యాది ఉంటలేదు."

ముందు పేర్లు పోయాయట, తరువాత ఏళ్లు పోయాయట. కాలనీలోకి చూసి పొలం ఎవడమ్మిండు అంటాడట. ఆమెను చనిపోయిన అత్తగారి పేరుతో పిలుస్తాడట.

"మొన్న కేబుల్ పిలగాడు వైరు గుంజనీకి గోడెక్కిండు. మామయ్య తుపాకి పట్టుకొని వరండల నిలబడ్డడు. ఎవడ్రా, ఏ ఊరురా నీది అని. ఆ పిలగాడు చెప్పులు ఇడిసిపెట్టి ఉరికిండు. అందరు నవ్విన్రు. సుధాకర్ సుత నవ్విండు." ఆమె బ్యాగు పట్టీ మెలిపెడుతోంది. "నాకు నవ్వు రాలే కాకా. చిన్ని తాత గదిలనే పడుకుంటది."

చిన్ని ఆమె కూతురు, అప్పుడే బడికి వెళ్లడం మొదలుపెట్టింది.

"తూటాలు ఎక్కడున్నయ్?"

"దొరికినకాడికి తీసి సుధాకర్ బీరువల పెట్టిన. బియ్యం డబ్బల దొరికినయ్. దేవుని గదిల కర్పూరం డబ్బల దొరికినయ్. ఇంకా యాడ పెట్టిండో ఆయనకే ఎరుక లేదు."

"డాక్టర్‌కు చూపియ్యమని చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఈ చట్టం వద్దని సభ పెడుతున్నడు కద, అది అయ్యేదాక ఆగమన్నడు. నాయినకు మతి తప్పిందని బయటపడితే, ఇగ డాక్టర్ సర్టిఫికెట్ వద్దని నేనేం మొహం పెట్టుకొని మాట్లాడాలె అన్నడు." అప్పుడు అడగడానికి వచ్చింది అడిగింది. "దాన్ల పిన్నేదో ఉంటదంట కద. తీసెయ్యిండ్రి కాకా. పేలకుండ చెయ్యిండ్రి. ఆయనకు తెల్వది."

ఆ మాట నేను ఒప్పుకోలేదు. ఇదెందుకో మీరు తెలుసుకోవాలి. యజమాని అడగకుండా అతని తుపాకిలో చెయ్యి పెట్టడం మా పనిలో లేదు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. పేలదని తెలిసిన తుపాకిని ఇల్లంతా ఆటబొమ్మ చేసుకుంటుంది. ఆ పిల్ల దాని దగ్గర భయం లేకుండా పెరుగుతుంది. ఇక పటేలంటారా, ఆయనకు తెలియకపోవడమేమిటి?

"మతి పోయిందేమో గని చెయ్యి పోలేదమ్మా. ఒక్కసారి తెరిచి మూస్తే చప్పుడుల పట్టుకుంటడు. ఇంట్లోల్లే మోసం చేసిన్రని తెలిస్తే ఇగ ఎవ్వరిని నమ్మడు. పిల్ల మంచం నీ గదిలకు మార్చు."

"మారిస్తే అన్నం ముట్టడు కాకా. ఒక్కరోజు మార్చి చూసిన." లేచి నిలబడింది. "అయితే ఏం జేయాలె? ఏదన్న అయ్యేదాక చూస్కుంట కూసోవాల్నా?"

నా మాట కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ వారంలోనే సుధాకర్ వచ్చాడు.

"కాకా, ఆదివారం పద్మారావు నగర్ ఫంక్షన్ హాల్‌ల సభ. నువ్వు మాట్లాడాలె."

"ఏమని?"

"ఇన్నేండ్ల సర్వీసుల లైసెన్సు తుపాకితోని ఏ తప్పు జరగలేదని."

"జరిగినయ్ కద."

"జరిగినయి చెప్పకు, జరగనియి చెప్పు."

"జరగనియి చెప్పనీకి నేనెందుకు, నువ్వే ఉన్నవు."

నవ్వేశాడు. అతనిలో ఆ గుణం ఉంది, నవ్వగలడు. "సరే, మాట్లాడకు. నాయిన తుపాకితోని స్టేజీ ఎక్కుతడు. నువ్వు అందుకొని జనానికి చూపియ్యి, చాలు. పర్మిషన్లు అన్ని తీసుకున్న."

ఒప్పుకున్నాను. పటేలు చేతిలోంచి తుపాకి నా చేతిలోకి వస్తుంది, అంతే నాకు వినిపించింది. వచ్చాక దాన్ని ఏదో వంక పెట్టి దుకాణానికి తీసుకుపోవచ్చనుకున్నాను.

ఫంక్షన్ హాల్

ముందురోజు పెళ్లి తాలూకు పూలు ఇంకా స్తంభాలకు వేలాడుతున్నాయి. వధూవరుల ఎర్ర మఖమల్ కుర్చీలు రెండూ స్టేజీ మీదే ఉన్నాయి. ఒకదాంట్లో భూమయ్య పటేలును కూర్చోబెట్టారు. తెల్ల ధోవతి, తెల్ల చొక్కా, ఒళ్లో గుడ్డ సంచిలో తుపాకి. ఎవరి పెళ్లి అన్నట్టు హాలంతా కలియజూస్తున్నాడు. ముందు వరసలో స్వరూప, ఆమె ఒళ్లో చిన్ని. స్వరూప ఎవరి ప్రసంగమూ వినడం లేదు. ఆమె కళ్లు ఆ సంచి మీదే ఉన్నాయి.

ఒకరి తరువాత ఒకరు అరిచారు. హక్కులన్నారు, చరిత్ర అన్నారు. చివరికి సుధాకర్ మైకు అందుకున్నాడు.

"మా తాత పట్టిన తుపాకి ఇది. మా నాయిన పట్టిన తుపాకి. ఒక్కనాడు దీని వల్ల ఒక్క మనిషికి గీత పడలే. గసోంటి మనిషిని నువ్వు తెలివిల ఉన్నవా లేవా అని డాక్టర్ అడుగుతడంట. అడుగుదమా? మీరే చెప్పుండ్రి."

హాలు చప్పట్లతో నిండిపోయింది. పటేలు లేచాడు. సంచి విప్పాడు. జనం కూడా లేచారు. నేను స్టేజీ మీద రెండడుగులు ముందుకు వేశాను. ఆయన నన్ను గుర్తుపట్టి నవ్వాడు. రెండు చేతులతో తుపాకి నా వైపు చాచాడు.

మూసి ఉంది.

గొట్టాల మూతి ముందు వరస వైపు ఉంది.

నేను ఆలోచించి చేసింది కాదు. నా చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్లిపోయాయి. చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. తుపాకి మా ఇద్దరి మధ్య గాల్లో ఉంది. "పట్టుకో కాకా, అందరు చూస్తున్నరు," అన్నాడు సుధాకర్ మైకు పక్కకు తిప్పి. కింద స్వరూప చిన్నిని పొట్టకు అదుముకుని వెనక్కి తిరిగి, తన వీపును అడ్డం పెట్టింది.

పటేలు నా భుజాల వైపు చూశాడు. ఉండాల్సినచోట చేతులు లేవు. అక్కడి నుంచి ఆయన చూపు తుపాకి మీదికి వెళ్లింది. చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోపం రాలేదు. వేరే ఊళ్లో నిద్రపోయి సొంత ఇంట్లో మేలుకున్న మనిషిలా ఆయన మొహం మెల్లగా మారింది. గొట్టాలను పైకప్పు వైపు ఎత్తాడు. బొటనవేలు మీట మీదికి వెళ్లింది. తుపాకి తెరుచుకుంది.

రెండు వెలుతురు బిళ్లలు. ఖాళీ.

ఇదంతా ప్రదర్శనలో భాగమనుకుని జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. సుధాకర్ గట్టిగా ఊపిరి వదిలి, "ఖాళీగనే ఉంది. నాయిన అన్ని చూసుకొనే వస్తడు," అన్నాడు మైకులో.

"ఆగురా," అన్నాడు పటేలు. నా వైపు తిరిగాడు. "మల్లేశా, మూసి ఇచ్చిన్నా నేను?"

లేదని చెబితే అక్కడితో అయిపోయేది. ఆ కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాను.

"ఇచ్చినవ్ పటేలా."

"ఇంతకుముందు ఎన్నడన్న ఇచ్చిన్నా?"

"ఎన్నడు ఇయ్యలే."

"ఖాళీగనే ఉంది కద నాయినా," అన్నాడు సుధాకర్. "ఏం కాలే. కూసో."

"ఖాళీ అని నాకు ఎరుకనారా?"

సుధాకర్ చేతిలో మైకు ఇంకా పనిచేస్తోంది. ఆ మాట చివరి వరస దాకా వినపడింది.

"నిండుగ ఉన్నా గిట్లనే ఇస్తుంటి," అన్నాడు. ముందు వరస వైపు చూశాడు. స్వరూప భుజం మీంచి చిన్ని తొంగిచూస్తోంది. ఆ పిల్ల పేరు కోసం ఆయన పెదవులు కదిలాయి. దొరకలేదు. "ఆ బిడ్డ ఆడ కూసున్నది," అన్నాడు.

తరువాత కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. "డాక్టర్ అడుగుతడంట అంటివి కద. అడగనియ్యి. తీస్కపో నన్ను. నాకు కాయితం ఇయ్యడు. ఇయ్యకపోతే ఇయ్యకపాయె."

తెరిచిన తుపాకిని ఎడమ మోచేతి మీద పడుకోబెట్టాడు, ఎప్పటిలాగే. నేను గొట్టాల్లోంచి వెలుతురు చూశాను. అప్పుడు నా చేతులు ముందుకొచ్చాయి.

"పెట్టుకో మల్లేశా. ఇగ ఇంటికి వద్దు."

తుపాకి పట్టుకుని ధైర్యం చూపించినవాళ్లను చాలామందిని చూశాను. పదవి కోసం, పరువు కోసం, పొలం గట్టు కోసం. ఆ ధైర్యాలన్నీ తుపాకివే, మనుషులవి కావు. ఇవాళ ఏ వారమో తెలియని మనిషి, మనవరాలి పేరు నోటికి రాని మనిషి, వందలమంది చప్పట్లు కొడుతుండగా తన తప్పును తానే పట్టుకున్నాడు. పట్టుకుని, తన మీద తానే తీర్పు చెప్పుకున్నాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వెనక ఎవరో నినాదం ఎత్తుకున్నారు. ఎవరూ అందుకోలేదు. సుధాకర్ ఖాళీ అయిన ఎర్ర కుర్చీలో కూలబడ్డాడు.

ఆ తరువాత

డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వలేదు. లైసెన్సు రద్దయ్యేదాకా తుపాకి మా బీరువాలో ఉంచుకోవడానికి అనుమతి తీసుకున్నాం. ఆ కాగితాలు కదలడానికి చాలాకాలం పట్టింది. సర్కారు ఆలస్యానికి నేను సంతోషించింది అదొక్కసారే. సుధాకర్ ఆయుధాల లెక్క తగ్గించడాన్ని ఇంకా వ్యతిరేకిస్తూనే ఉన్నాడు. కనిపిస్తే వాదించుకుంటాం. డాక్టరు పరీక్ష వద్దని మాత్రం మళ్లీ ఏ మైకులోనూ అనలేదు.

పటేలు ఆ సభను మరిచిపోయాడు. కొన్నాళ్లకు స్వరూప ఆయన్ను ఆటోలో దుకాణానికి తీసుకొచ్చింది. ఇంట్లో తుపాకి వెతుకుతున్నాడట, అన్నం తినడం లేదట.

"మల్లేశా, నా తుపాకి నీ దగ్గర ఉన్నదా?"

"ఉన్నది పటేలా."

"ఎలక్షన్లు అయిపోయినయా?"

స్వరూప నా వైపు చూసింది.

"ఇంక కాలే పటేలా."

ఆయన తల ఊపాడు. ఎన్నికలు కాకపోతే తుపాకి ఇక్కడే ఉండాలి, అది ఆయనకు సమ్మతమే. చూస్తానన్నాడు. తెచ్చి, తెరిచి ఇచ్చాను. వెలుతురు చూశాడు. చెక్కిన పిట్ట మీద బొటనవేలు రుద్దాడు. గడియ చప్పుడు వినడానికి ఒకసారి మూశాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. ఆయన నా భుజాల వైపు చూసి నవ్వాడు. మీట నెట్టి, తెరిచి, మోచేతి మీద పడుకోబెట్టి అందించాడు.

"ఇయ్యాల ఇంట్ల బరువు తగ్గింది," అన్నాడు.

ఆ తరువాత చాలాసార్లు వచ్చాడు. ప్రతిసారీ ఎన్నికలు కాలేదనే చెప్పాను. చివరి రోజుల్లో నా పేరు పోయింది, స్వరూప ఎవరో తెలియకుండా పోయింది. తుపాకిని ఏమంటారో ఆ మాట కూడా పోయింది, చేత్తో సైగ చేసేవాడు. జనం నా చేతులు చూస్తారని మొదట్లో రాశాను కదా. ఆయనా చూసేవాడు. అవి వెనక ఉన్నాయా లేవా అని చూసేవాడు. ఉంటే బొటనవేలు మీట మీదికి వెళ్లేది. ఆ సభ తరువాత, నాకు ఒక్కసారి కూడా మూసి ఇవ్వలేదు.